కార్పొరేటర్‌కి రీసెర్చ్ అసిస్టెంట్‌ని ఎలా పెట్టుకోవాలి?

కార్పొరేటర్ చుట్టూ మనుషులకి కొదవ ఉండదు. ఫోన్లు ఎత్తేవాళ్లు, బండి నడిపేవాళ్లు, ఫ్లెక్సీలు కట్టించేవాళ్లు, పెళ్లిళ్లకీ పరామర్శలకీ డైరీ చూసేవాళ్లు, అందరూ ఉంటారు. జనరల్ బాడీ మీటింగ్‌కి ముందు వచ్చే ఎజెండాని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి మాత్రం చాలా ఆఫీసుల్లో కనపడడు. ఎంపీలకైతే ఇలాంటి పనికి చట్టసభల మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ ల్యాంప్ ఫెలోషిప్ పేరుతో కుర్రాళ్లని పంపుతోంది. కార్పొరేటర్‌కి మనిషిని వెతుక్కోవడమూ సొంత బాధ్యతే, జీతమూ సొంత జేబులోంచే.

ముందు పని రాసుకోండి, తర్వాత మనిషిని వెతకండి

"కొంచెం రీసెర్చ్ చూసుకో" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, నెల తిరిగేసరికి ఆ అబ్బాయి కూడా ఫ్లెక్సీల దగ్గర తేలతాడు. ఏ కాగితం, ఎప్పటికి మీ టేబుల్ మీద ఉండాలో చెప్పండి. నన్నడిగితే మూడు చాలు.

మొదటిది ఎజెండా నోట్. మీ డివిజన్‌కి సంబంధించిన ఒక్కో అంశం కింద ఖర్చెంత, ఇంతకుముందు మీటింగ్‌లో దాని మీద ఏమన్నారు, మీరు లేచి అడగాల్సిన ప్రశ్న ఏంటి, ఇంతే. చివరి నిమిషంలో టేబుల్ ఎజెండా, అంటే మీటింగ్‌లోనే చేతికిచ్చే అదనపు అంశాలు, వస్తుంది కాబట్టి మీటింగ్ రోజు ఆ మనిషి ఫోన్‌లో అందుబాటులో ఉండాలి.

రెండోది డివిజన్ పనుల రిజిస్టర్, అసలు విలువంతా ఇందులోనే ఉంది. ఏ వీధి, రోడ్డా డ్రైనా, ఎస్టిమేట్ ఎంత, టెండర్ ఎప్పుడు, వర్క్ ఆర్డర్ ఎవరికి, ఎప్పటికి పూర్తవ్వాలి, ఎం-బుక్‌లో (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) కొలతలు ఎక్కాయా, బిల్లు పోయిందా, అన్నీ ఒకే ఎక్సెల్ షీట్‌లో ఉండాలి, పక్కన తేదీతో ఫోటో ఉండాలి. కొంత సమాచారం టెండర్ పోర్టల్‌లో దొరుకుతుంది, కొంత ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) చెప్తారు, మిగతాదానికి మీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయండి, అప్పటికీ రాకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) ఉంది: ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. రెండు మూడు నెలలు ఓపిగ్గా నింపితే మంజూరై మొదలుకాని పనులు, మొదలై ఆగిపోయినవి, ఒకే డ్రైన్‌కి రెండు పేర్లతో రెండు ఎస్టిమేట్లు ఉంటే అవీ, వాటంతట అవే బయటపడతాయి. అప్పుడు మీటింగ్‌లో గొంతు పెంచాల్సిన పని కూడా ఉండదు, వర్క్ ఆర్డర్ తేదీ చదివితే చాలు.

మూడోది ఏడాదికోసారి వచ్చే బడ్జెట్. పోయినేడు వేసిన అంచనా, సవరించిన అంచనా, నిజంగా ఖర్చయింది, మూడూ పక్కపక్కన పెట్టించండి. ఉదాహరణకి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం గ్రీన్ బడ్జెట్‌కి, అంటే మొక్కలూ పచ్చదనానికి, పెట్టాలి. మరి ఖర్చయింది ఎంత, మొక్కలు నాటింది ఏ వార్డులో?

చేయకూడనివి కూడా రాయండి

పీఏ పని వేరు, ఇది వేరు. రీసెర్చ్ అసిస్టెంట్ కాంట్రాక్టర్లతో బేరాలు మాట్లాడకూడదు, కార్పొరేషన్ ఆఫీసుకెళ్లి "సార్ ఫైల్ చూపించమన్నారు" అనకూడదు, విజిటింగ్ కార్డు మీద కార్పొరేషన్ లోగో వేసుకోకూడదు, ఎందుకంటే అతను కార్పొరేషన్ ఉద్యోగి కాదు. అర్జీలతో వచ్చే ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు పార్టీ వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లకూడదు.

ఇంకోటి, ఇది చాలామందికి నచ్చదు. మన రెండు రాష్ట్రాల్లోనూ పట్టణ సంస్థల్లో సగం సీట్లు మహిళలవి, చాలాచోట్ల ఆఫీసు నడిపేది మాత్రం భర్తగారు. నోట్ చదివేదీ ప్రశ్న అడిగేదీ మేడమే అయితే అసిస్టెంట్ నేరుగా మేడమ్‌కే చెప్పాలి, మధ్యలో ఎవరూ వద్దు.

డబ్బు సంగతి

గౌరవ వేతనంలోంచి ఫుల్‌టైమ్ జీతం ఇవ్వలేరు, అందుకే పక్కపక్క డివిజన్ల కార్పొరేటర్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరిని పెట్టుకోవడం మంచిది, లేదా మీటింగ్ ముందు వారాలకే పార్ట్‌టైమ్‌గా పిలవండి. పెట్రోల్ ఖర్చు విడిగా ఇవ్వండి. "ఎక్స్‌పీరియన్స్ వస్తుందిలే" అని ఉచితంగా చేయించుకుంటే వచ్చేది కూడా ఆ స్థాయి పనే. కాంట్రాక్టర్ ఎవరైనా "జీతం నేనిస్తా సార్" అంటే అక్కడే ఆపేయండి, ఆ రిజిస్టర్‌లో ఆయన పేరు కూడా ఉంటుంది.

ఎవరిని తీసుకోవాలి?

గ్రూప్స్‌కి చదివేవాళ్లకి పట్టణ సంస్థల గురించి చేసిన 74వ రాజ్యాంగ సవరణ, దానితో వచ్చిన 12వ షెడ్యూల్‌లోని 18 అంశాలు నోటికొస్తాయి, కానీ నోటిఫికేషన్ పడగానే మాయమవుతారు. సివిల్ డిప్లొమా చేసి సైట్‌లో పనిచేసినవాళ్లు ఎస్టిమేట్ ఇట్టే చదువుతారు, రాయమంటే తడబడతారు. నా ఓటు మాత్రం పట్టణ వార్తలు రాసి మానేసిన విలేకరికే: ఏ ఆఫీసులో ఏ కాగితం ఉంటుందో తెలుసు, రాయడమూ వచ్చు. కాకపోతే పాత పరిచయాలతో లోపలి మాటలు బయటికి చెప్పకుండా ఉంటారో లేదో కనుక్కోండి.

సర్టిఫికెట్లు పక్కన పెట్టి ఒక పరీక్ష పెట్టండి. పాత ఎజెండాలోంచి పది పేజీలు ఇచ్చి, రెండు గంటల్లో ఒక పేజీ నోట్ తెలుగులో రాయమనండి. భాష కాస్త అటూఇటూ ఉన్నా ఫర్వాలేదు. అంకెలు సరిగ్గా ఎత్తి రాశారా, తెలియనిచోట "ఇది ఏఈని అడగాలి" అని రాశారా లేక ఊహించి నింపారా, అది చూడండి. ఊహించి నింపినవాళ్లు ఎంత బాగా మాట్లాడినా వద్దు, మీటింగ్‌లో ఆ అంకె తప్పని తేలితే కమిషనర్ ముందు నిలబడేది మీరు.

చేర్చుకున్నాక

మూడు నెలల ట్రయల్ అని, పని గంటలు, జీతం, పైన చెప్పిన మూడు పనులు, చేయకూడనివి, ఎన్నికల ప్రచారం పని చెప్పబోమని ఒక పేజీ ఉత్తరం రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మొదటి నెల అతన్ని డివిజన్ అంతా తిప్పండి. ఏఈ, శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఆంధ్రాలో అయితే 2019లో వార్డు సచివాలయాలుగా మొదలైన ఆఫీసుల సెక్రటరీలు, వీళ్లందరికీ మీరే స్వయంగా పరిచయం చేయండి, లేకపోతే ఆ అబ్బాయికి కుర్చీ కూడా చూపించరు.

ఫైళ్లన్నీ మీ పేరున్న ఈమెయిల్ డ్రైవ్‌లోనే ఉండాలి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. ఆ అబ్బాయికి గ్రూప్-2 వచ్చి వెళ్లిపోతే రిజిస్టర్ కూడా అతని ల్యాప్‌టాప్‌తో పాటే వెళ్లిపోకూడదు కదా.