మృగశిరకి నారు పోయడం ఎలా, పోసింది బతికించుకోవడం ఎలా?

నారు చచ్చిన ప్రతిసారీ విత్తనాల కొట్టువాడికి తిట్లు పడతాయి. "నకిలీ సరుకు అంటగట్టాడు" అంటారు. నకిలీదైతే అసలు మొలవదు, లేదంటే మొలిచి మనం అనుకోని కాయేదో కాస్తుంది. చక్కగా మొలిచి, వారం తిరక్కుండా మెడ వాల్చేసిందంటే మాత్రం కొట్టువాడి తప్పేమీ లేదు. మనం రోజూ చెంబుతో పోసిన నీళ్ళే దాన్ని చంపాయి.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పెరటి ఏడాది మృగశిర కార్తెతో, అంటే జూన్ 8 ప్రాంతంలో మొదలవుతుంది. ఏం పెట్టాలన్నది పెద్ద విషయం కాదు. ఆనప (సొర), బీర, పొట్ల, బెండ, గోంగూర తొలకరి పడగానే గింజ గుచ్చేస్తే వాటంతటవే వస్తాయి. ఆనప పాదు ఇంటికి ఒకటే. రెండు పెట్టినవాళ్ళు సెప్టెంబరులో కాయలు పట్టుకుని వీధంతా తిరగాలి. పందిరి చిక్కుడు జూలైలో పెట్టండి. ఆగస్టులో తీగ తప్ప పూత లేదని పీకెయ్యకండి. పాతరకం చిక్కుడుకి పొద్దు తగ్గితేగాని పూత రాదు. చలికాలంలో కాస్తుంది, రథసప్తమికి ఆకులూ కాయలూ మీ పెరట్లోనే దొరుకుతాయి. టమాటా జూన్‌లో పొయ్యొద్దు. వానల్లో దానికి పట్టని తెగులు లేదు. ఇప్పుడు నారు పోయాల్సినవి వంగ, మిరప. అంతే.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను. మట్టి తవ్వుకునే చిన్న బొరిగ ఒకటి, ఒక గంప, సన్నటి జల్లు పడే క్యాను. ప్రోట్రేలు, అంటే చిన్న చిన్న గుంటలుండే ప్లాస్టిక్ నారు పళ్ళేలు, కొనొద్దు. నర్సరీవాళ్ళు వేలల్లో మొక్కలు అమ్మాలి కాబట్టి వాళ్ళకవి కావాలి. ఇరవై వంగ మొక్కలు కావలసిన ఇంటికి ఎందుకు? ఆ చిన్న గుంటలో మట్టి మధ్యాహ్నానికి ఎండిపోతుంది. ఎండింది కదా అని మళ్ళీ నీళ్ళు పోస్తాం. అక్కడే మొదలవుతుంది రోగం.

మడి ఎప్పుడూ నేలకంటే జానెడు ఎత్తులో ఉండాలి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన గత్తం (పశువుల ఎరువు) సమపాళ్ళలో కలపండి. శ్రీకాకుళం తీరాన ఉద్దానం వైపు ఇసుక నేలలవాళ్ళు ఇసుక మానేసి గత్తం పెంచుకోవచ్చు. గత్తం చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు. పచ్చి పేడ వేస్తే తెగులూ పురుగూ కూడా దాంతోనే దిగుతాయి. వీలైతే మే నెల ఎండ వృథా చేసుకోకండి. మడి తడిపి, తెల్లగా అవతలిది కనపడే పాలిథిన్ కప్పి, అంచుల మీద మట్టి తొక్కి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలెయ్యండి. నల్ల కవరు పనికిరాదు, వేడి కవరు దగ్గరే ఆగిపోతుంది. తెల్ల కవరు కింద మట్టి ఉడికి, కలుపు గింజలూ తెగులు బీజాలూ చాలావరకు పోతాయి.

గింజలు వరసల్లో, అర సెంటీమీటరు లోతున, పల్చగా పడాలి. వేలి కొసలతో చిటికెడు తీసుకుని విదిలిస్తే ఒకచోట కుప్పగా పడతాయి. పొడి ఇసుకలో కలిపి చల్లండి. పైన ఎండుగడ్డి కప్పి, గడ్డి మీదే నీళ్ళు జల్లండి. చీమలు గింజలు మోసుకుపోతాయి కాబట్టి చుట్టూ బూడిద గీత గియ్యండి, వాన పడేదాకా కాపలా కాస్తుంది.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు పని మొలకతో మొదలవుతుంది.

వంగ వారానికి, మిరప ఎనిమిది పది రోజులకి మొలుస్తాయి. నాలుగో రోజునుంచే రోజూ గడ్డి ఎత్తి చూడండి. అక్కడక్కడ మొలక కొంకిలా వంగి కనపడిన రోజు సాయంత్రమే గడ్డి తీసెయ్యాలి. "ఇంకా అన్నీ రాలేదు కదా" అని ఆగితే ఉన్నవి వెలుతురు కోసం పాలిపోయి సాగుతాయి, సాగిన కాడ వెంటనే కుళ్ళుతుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే మాడిపోతాయి. సాయంత్రమే తీయాలి.

ఇక నీళ్ళు. పక్క వీధి పిన్ని ఒకావిడ ఏటా అడుగుతుంది, "రెండు పూట్లా నీల్లు పోత్తన్నాను, ఇంకేటి సెయ్యాల?" అని. పిన్నీ, ఒక పూట మానెయ్యాలి. కుదిరితే ఒక రోజు కూడా మానెయ్యాలి. జూన్, జూలైలో మన గాలిలోనే తేమ ఉంటుంది. బట్టలే ఆరని రోజుల్లో మడి ఎలా ఆరుతుంది? చూపుడువేలు గోరు మునిగేంత లోతుకి గుచ్చి చూడండి. మట్టి అంటుకుంటే నీళ్ళు వద్దు. పొడిగా రాలితే పొద్దున్నే, ఎండ ఎక్కకముందే జల్లండి. సాయంత్రం పోస్తే రాత్రంతా కాడ మొదలు తడిలో నానుతుంది, నారుకుళ్ళుకి కావలసింది అదే.

నారుకుళ్ళు ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు. ఆకులు పచ్చగానే ఉంటాయి. మట్టిని ఆనుకున్నచోట కాడ నీరుపట్టి, సన్నబడి, దారంలా అయిపోతుంది. పొద్దున చూసేసరికి మొక్క పక్కకి పడుకుని ఉంటుంది. వడలిందేమో అనుకుని నీళ్ళు పోస్తారు, మర్నాటికి పళ్ళెమంత మేర పోతుంది. పిథియం లాంటి తెగులు క్రిములు మట్టిలో ఉండి నీటి వెంట పాకుతాయి. కాబట్టి ఒక్క మొక్క పడినా ముందు నీళ్ళు ఆపండి. పడినవాటిని చుట్టూ నాలుగు వేళ్ళ మట్టితో సహా తవ్వి దూరంగా పారెయ్యండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి మిగిలిన మడిని మొదళ్ళు తడిసేలా తడపండి. మందు వద్దనుకునేవాళ్ళు విత్తే ముందే గత్తంలో ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రం పొడి కలుపుకోవాలి, కుళ్ళు వచ్చాక వేస్తే లాభం లేదు. రెండూ ఒకేసారి వెయ్యకండి, రాగి మందు ట్రైకోడెర్మాని కూడా దెబ్బతీస్తుంది. జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టినది) పోస్తామనేవాళ్ళకి నా మాట ఒకటే. ఎదిగిన మొక్కకి పొయ్యండి, రెండాకుల మొలకకి వద్దు.

జోరువానకి అడ్డుగా కొబ్బరి మట్టలు కప్పుకోండి, కానీ మనిషి ఎత్తున, చుట్టూ గాలి ఆడేలా. మడి మీద మోకాలెత్తులో పాలిథిన్ గుడిసె కడితే లోపల ఆవిరి పట్టి, వానకంటే ముందు అదే చంపుతుంది.

వంగ నారు ముప్పై, ముప్పై అయిదు రోజులకి, మిరప ఆరు వారాలకి నాటుకి వస్తాయి. నాటే ముందు వారం నీళ్ళు బాగా తగ్గించండి, కాడ గట్టిపడుతుంది. పీకే రోజు మాత్రం మడి బాగా తడిపి, బొరిగతో మట్టి వదులు చేసి తీయండి. సాయంత్రం నాలుగు దాటాకే నాటాలి. వంగకి రెండడుగులు, మిరపకి అడుగున్నర ఎడం.

రెండో దఫా నారు, టమాటా అందులోనే, సెప్టెంబరు చివర్లో పోస్తాం. నాగుల చవితి రోజులకి నాటుకి వస్తుంది. ఈ దఫా నేలమీద మడి కట్టొద్దు. 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబరు 12న తీరం దాటింది, 2018లో తిత్లీ తుపాను అక్టోబరు 11న పలాస వైపు కొబ్బరితోటల్ని, జీడితోటల్ని పడగొట్టింది. మన నారు సరిగ్గా ఆ రోజుల్లోనే రెండాకుల మీద ఉంటుంది. అడుగున చిల్లులు పెట్టిన పాత ప్లాస్టిక్ టబ్బులో పొయ్యండి. ఇద్దరు పట్టుకుంటే కదిలేంత బరువే ఉండాలి, అంతకంటే పెద్దది వద్దు. తుపాను కబురు తెలియగానే వరండాలోకి లాక్కోండి. లోపల ఉన్నన్ని రోజులూ చుక్క నీళ్ళు పొయ్యకండి, గాలి తగ్గిన రోజే బయట పెట్టెయ్యండి.