గట్టు జారుతోందా? గోడకన్నా ముందు నీళ్ళ సంగతి చూడండి

2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ అందరూ అడిగేది గట్టును ఆపే గోడే. కానీ గట్టును జార్చేది చాలాసార్లు నీళ్ళు.

సమస్య: ఉన్న గోడ ఉబ్బింది, ముందుకు ఒరిగింది.

కారణం: వెనక నీళ్ళు నిలిచాయి. పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్ళి చూడండి, వెనక మట్టి ముద్దగా ఉన్నా వీప్ హోల్స్ (నీళ్ళు బయటికి పోవడానికి గోడలో వదిలే రంధ్రాలు) నుంచి చుక్క రావట్లేదంటే అవి పూడుకుపోయినట్టే. నేను చూసిన ఒక గోడకైతే పైపు ముక్కలు వరసగా ముచ్చటగా పెట్టారు, కడ్డీ దూరిస్తే జానెడు లోపలే కాంక్రీటు తగిలింది! 3 మీటర్ల గోడ వెనక నీళ్ళు పైదాకా నిండితే మీటరు పొడవుకు నీటి తోపే దాదాపు నాలుగున్నర టన్నులు, మట్టి తోపు వేరే.

పరిష్కారం: గోడ దాటి మట్టిలోకి డ్రిల్ చేసి, చిల్లుల పీవీసీ పైపుకు జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళను వదిలి మట్టిని ఆపేది) చుట్టి, బయటికి 5–10 డిగ్రీలు వాలేలా దింపాలి. గుడ్డ దగ్గర పీనాసితనం వద్దు, బురద పట్టేస్తుంది. బాగా ఒరిగిన గోడైతే ఇంజినీరు చూసేదాకా చెయ్యి పెట్టకండి.

సమస్య: గట్టు పైన నెర్రె.

కారణం: మట్టి కదలడం మొదలైంది. వేసవిలోనూ అక్కడ తడి ఉంటే మాత్రం వానను తిట్టకండి, పైన ఎవరిదో సెప్టిక్ గుంతో, కారుతున్న కుళాయి పైపో వెతకండి.

పరిష్కారం: నెర్రెకు అటూ ఇటూ మేకులు కొట్టి రోజూ టేపుతో కొలవండి. దూరం పెరుగుతోందంటే ముందు కింద ఇళ్ళు ఖాళీ చేయించాలి, మిగతావన్నీ తర్వాత. దూరం పెరగట్లేదంటే నెర్రెలో బంకమట్టి కూరి, టార్పాలిన్ కప్పి, నెర్రెకు ఎగువన సిమెంటు కాలువ తీసి వాన నీళ్ళు పక్కకు మళ్ళించాలి.

సమస్య: రాళ్ళు రాలుతున్నాయి.

ఇక్కడ రాయి రకం చూడాలి. 2021 డిసెంబర్ 1న తిరుమల ఘాట్ రోడ్డు మీద బండలు పడ్డాయి కదా, ఆ కొండల్లోని క్వార్ట్‌జైట్ రాయి గట్టిదే, కానీ పగుళ్ళ వెంట పలకలుగా ఊడుతుంది. అలాంటిచోట వదులు రాళ్ళు ముందే దింపేసి, రాక్ బోల్టులు (బండలోకి దింపి బిగించే ఉక్కు కడ్డీలు), స్టీలు మెష్ వేస్తారు. అరకు వైపు ఖోండలైట్ రాయి అలా కాదు, ఎండకూ వానకూ మాగి మట్టయిపోతుంది. అందులో పొట్టి బోల్టు పట్టు దొరకదు, పొడవాటి సాయిల్ నెయిల్స్ (మట్టిలోకి లోతుగా దింపే ఉక్కు కడ్డీలు), వాటితోపాటు ఊట బయటికి లాగే పైపులు కావాలి.

వట్టివేరు నాటితే చాలంటారు కొందరు. పైమట్టి కోసుకుపోకుండా భేషుగ్గా ఆపుతుంది గానీ, లోతు నుంచి జారే గట్టును అది ఆపలేదు.

బండి పెట్టుకోవడానికని గట్టు అడుగున చెక్కేశారా? వానాకాలం వచ్చేలోపు అక్కడ గేబియన్లు (రాళ్ళు నింపిన తీగ బుట్టలు) పేర్చి, చెక్కేసిన మట్టి బరువు తిరిగి పెట్టండి, రాళ్ళ సందుల్లోంచి నీళ్ళూ పోతాయి.