పొలమారి వచ్చిన న్యుమోనియా: యాంటీబయాటిక్ రాసే ముందు జాగ్రత్తలు

• ముందు, ఇది ఇన్ఫెక్షనేనా? వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయిన కొన్ని గంటలకే జ్వరం, ఆయాసం, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే అది కడుపులోని ఆమ్లం చేసిన గాయం కావచ్చు. చాలామందిలో 48 గంటల్లో తగ్గుముఖం పడుతుంది. రోగి నిలకడగా ఉంటే ఆగి చూడండి.

• మొదటి డోసుకు ముందే కళ్లె, రక్తం కల్చర్‌కు (సూక్ష్మజీవిని పెంచి గుర్తించే పరీక్షకు) తీయండి. పరిస్థితి విషమంగా ఉంటే వాటికోసం మందు ఆలస్యం చేయొద్దు.

• పెన్సిలిన్ పడదంటే ఏమైందో అడగండి. ఉత్త విరేచనాలైతే అలర్జీ కాదు.

• క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడండి. యాంపిసిలిన్-సల్బాక్టమ్ 3 గ్రాములు 6 గంటలకోసారి అన్నది కిడ్నీలు బాగున్నవారికి. సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 1–2 గ్రాములు. రింగర్ లాక్టేట్‌తో కలపొద్దు, అందులో కాల్షియం ఉంటుంది.

• మెట్రోనిడజోల్‌ను (గాలి లేనిచోట పెరిగే వాయురహిత బ్యాక్టీరియాపై పనిచేసే మందును) అలవాటుకొద్దీ జోడించకండి. 2019 అమెరికా మార్గదర్శకాల ప్రకారం ఊపిరితిత్తిలో చీముగడ్డ, లేదా దాని చుట్టూ చీము అనుమానం ఉంటేనే వాయురహిత బ్యాక్టీరియాకు విడిగా మందు. మెట్రోనిడజోల్ ఒక్కటే ఇస్తే అసలే చాలదు.

• మన దగ్గర టీబీ ఎక్కువ. లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ దాన్ని కొన్నాళ్లు అణచి, నిర్ధారణను ఆలస్యం చేస్తాయి. అనుమానముంటే ముందు కళ్లెను టీబీని గుర్తించే జన్యు పరీక్ష అయిన సీబీనాట్‌కు పంపండి.

• గత 90 రోజుల్లో ఆసుపత్రిలో ఉండి ఇంజెక్షన్ యాంటీబయాటిక్స్ తీసుకున్నారా? మొండి సూక్ష్మజీవుల అవకాశం పెరుగుతుంది.