ఇత్తడి గాలిగంటలు – 3వ భాగం: గొట్టాన్ని స్వరానికి కోయడం

బరంపురం, పర్లాకిమిడి వైపు పాత సామాన్ల కొట్లలో కర్టెన్ గొట్టాలు కొన్నవాళ్ళు కోత మొదలెట్టే ముందు ఒకసారి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుందంటే అది ఇత్తడి పూత పూసిన ఇనుము. మన పనికి రాదు.

మోహన రాగానికి పై షడ్జమంతో కలిపి ఆరు గొట్టాలు. స 400 మి.మీ. అనుకుంటే రి 377, గ 358, ప 327, ద 310, పై స 283. పై స 200 ఉండాలి కదా అని అడుగుతారు. అది తీగ లెక్క. గొట్టం పొడవు సగం చేస్తే కంపనాలు రెట్టింపు కావు, నాలుగు రెట్లవుతాయి. అన్నీ ఒకే వ్యాసం, ఒకే మందం ఉంటేనే ఈ కొలతలు పనికొస్తాయి. మొత్తం 2 మీటర్లు దాటుతుంది కాబట్టి ఆరడుగుల గొట్టం ఒక్కటి చాలదు.

గుర్తు పెట్టడానికి కాగితం పట్టీని గొట్టానికి చుట్టి, అంచులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాక ఆ అంచు వెంట గీత గీయండి. వైస్‌లో నేరుగా బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. రెండు చెక్కముక్కల్లో వి ఆకారపు గాడి తీసి, వాటి మధ్య పట్టించండి. అంగుళానికి 32 పళ్ళున్న హ్యాక్సా బ్లేడు వాడండి. ఒకే వైపు నుంచి చివరిదాకా కోయకుండా గొట్టాన్ని తిప్పుతూ కోస్తే కోత వంకర పోదు. గీతకు 2 మి.మీ. అవతలే, అంటే గొట్టం ఆ మేరకు పొడవుగా మిగిలేలా కోయండి.

ఆ మిగిలిన 2 మి.మీ. దగ్గరే అసలు పని. ఇనుము మీద అరిగిన ఆకురాయి ఇత్తడి మీద జారిపోతుంది, కొత్తది ఒకటి దీనికే విడిగా ఉంచుకోండి. ఆకురాయితో నాలుగైదు సార్లు రుద్దండి, ఆపండి, వినండి. వినేటప్పుడు గొట్టాన్ని చేత్తో పట్టుకోకండి. రెండు చివర్ల నుంచీ పొడవులో 22.4 శాతం లోపలికి, అంటే 400కి 90 మి.మీ. దగ్గర, దారాల మీద ఆనించి నడుమ చెక్కతో తట్టండి. రాపిడికి వేడెక్కిన ఇత్తడి కాస్త తగ్గు స్వరం పలుకుతుంది. చల్లారనివ్వకుండా విని, స్వరం ఇంకా తక్కువే ఉందని రుద్దేస్తే తర్వాత ఎక్కువైపోతుంది. పొట్టి గొట్టాల దగ్గర మరీ జాగ్రత్త, అక్కడ ఒక్క మి.మీ.కే తేడా చెవికి తెలుస్తుంది. చెవి మీద నమ్మకం లేకపోతే ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంది, మొహమాటం అక్కర్లేదు.

ఒకవేళ గాంధారం హెచ్చిపోయిందా? పారేయకండి. పంచమానికి కోసుకోవచ్చు.

కోత అంచున లోపల పదునైన రేకు మిగులుతుంది. గొట్టం కన్నా లావైన డ్రిల్లు బిట్టును చేత్తోనే రెండు చుట్లు తిప్పితే పోతుంది. బయటి అంచుకు ఎమరీ కాగితం చాలు. ఇది స్వరం చూసుకునే ముందే చేయండి, ఎందుకంటే తీసిన ఆ కాస్త లోహం కూడా లెక్కలోకి వస్తుంది.

వచ్చే భాగంలో బెజ్జాలు, దారం.