మంచి ఆర్టిస్టు సోఫా చివర నిలబడిపోతే: స్కిట్ షోలకు సమస్య - పరిష్కారం

2013లో ఈటీవీలో మొదలైన కామెడీ స్కిట్ల పోటీ షో ‘జబర్దస్త్’ను ఏళ్ల తరబడి చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. హాలు సెట్టు, మధ్యలో సోఫా. టీమ్ లీడర్ ఏదో అంటాడు, పక్కనున్నవాడు ‘అదేమిటన్నా?’ అని అడుగుతాడు, పంచ్ పడుతుంది. సోఫా చివర ఇంకొక నటుడు చేతులు కట్టుకుని ఉంటాడు. అతను ఎంత బాగా చేయగలడో చూసేవారికి తెలుసు, అయినా స్కిట్ మొత్తంలో దక్కేది రెండు ముక్కలు. ఇలాంటి షోలు నడిపేవారికీ, కాలేజీ వార్షికోత్సవాలకూ తెలుగు సంఘాల సభలకూ స్కిట్లు రాసేవారికీ ఈ కింది మరమ్మతులు పనికొస్తాయి.

లక్షణం: టీమ్‌లో ఐదుగురు, వినిపించే గొంతు ఒక్కటే

పరీక్ష తేలిక. స్క్రిప్టులో ఎడమ పక్కనున్న పేర్లను చేత్తో మూసి డైలాగులు మాత్రం చదవండి. ఏ మాట ఎవరిదో తేలకపోతే, అందరూ లీడర్ మాటలనే పంచుకుని పలుకుతున్నారన్నమాట.

కారణం: రాసేదీ లీడరే, హీరో కూడా లీడరే. రాస్తున్నప్పుడు అతని చెవిలో మోగేది సొంత టైమింగే. మిగతావారు దానికి ప్రశ్నలు అందించేవారిగా మిగులుతారు. స్వార్థమని తిట్టి లాభం లేదు. వారం వారం కొత్త స్కిట్ అప్పగించాల్సిన మనిషి చేతికి అలవాటైన గొంతులోనే రాస్తాడు.

పరిష్కారం: కలం ఒకరికి, నడిమి చోటు ఇంకొకరికి. జబర్దస్త్‌లో సుడిగాలి సుధీర్ టీమ్ బాగా ఆడిన రోజులు గుర్తు తెచ్చుకోండి. లీడర్ సుధీర్, రాత ఆటో రాంప్రసాద్‌ది, వేషాలు గెటప్ శ్రీనువి. పైగా పంచుల్లో చాలావరకు పడేది లీడర్ మీదే. లీడర్ పరువు తీయడమే సరుకైన చోట పక్కవారికి ఎదురు మాట్లాడే హక్కు దానంతటదే వస్తుంది. శ్రీను కొత్త గెటప్‌లో లోపలికి వస్తే ముందు నడకకే చప్పట్లు పడతాయి, మాట తర్వాత. ఆ నడకకు చోటుండాలంటే రాసేవారు అక్కడ రెండు పంచులు వదులుకోవాలి. చాలామంది రచయితలకు ప్రాణం పోయినట్టుండేది ఇక్కడే.

అదే షోలో మరో టీమ్ లీడర్ హైపర్ ఆదిది వేరే దారి. అక్కడ మాటల ప్రవాహమే హీరో, ఆ వేగం అతనికి సొంతం కాబట్టి చెల్లింది. అది చూసి ప్రతి టీమూ ప్రాసల వెంట పడడంతో, కళ్లు మూసుకుని వింటే ఎవరి స్కిట్ నడుస్తోందో చెప్పడం కష్టమైంది.

లక్షణం: మనిషి మారడు, వేషమూ మారదు

మొదట్లో టీముల్లో దాదాపు అందరూ మగవారే కాబట్టి లేడీ గెటప్పులు వచ్చాయి. అందులో పేరు తెచ్చుకున్నవారికి మరో వేషం దొరకడం గగనమైంది. తర్వాత సత్యశ్రీ, రోహిణి, ఫైమా లాంటివారు వచ్చారు. టైమింగ్‌లో ఎవరికీ తీసిపోరు. అయినా ఆడవారికి ఎక్కువగా దక్కింది భార్య పాత్ర, ప్రేయసి పాత్ర, లేకపోతే రూపం మీద ఒక పంచ్.

కారణం: ఒకసారి నవ్వు దొరికిన చోటే మళ్లీ మళ్లీ తవ్వడం.

పరిష్కారం: ఒక నెల పాటు ఒళ్లు, రంగు, ఎత్తు మీద జోకులు ఆపండి. ఆ ఆర్టిస్టుకు చుట్టరికం కాకుండా ఉద్యోగం ఇవ్వండి, దానితో పాటు ఒక పట్టుదల కూడా. ఉదాహరణకు బ్యాంకులో బంగారం తాకట్టు కౌంటర్. ఆమె అధికారి. అత్తగారి గొలుసు తెచ్చిన లీడర్ సంతకం పాత సంతకంతో కలవడం లేదు. అతను చెమటలు కక్కుతూ పదోసారి సంతకం పెడతాడు. ఆమె కాగితం ఎత్తి చూసి, కళ్లద్దాలు సర్దుకుని, ఇంకో కాగితం ముందుకు తోస్తుంది. ఒక్క మాటా ఉండదు. ఈ స్కిట్ ఎవరిదో అడగనక్కర్లేదు.

లక్షణం: జోకు పేలలేదు, జడ్జి మాత్రం పడీ పడీ నవ్వుతున్నారు

ఎడిటింగ్ అతుకు. మొదటి కూర్పు జడ్జి షాట్లు లేకుండా చేసి చూడండి. నటులు నిలబెట్టినవేవో, నవ్వు షాట్లు మోసినవేవో అక్కడే తేలిపోతుంది.

లక్షణం: కొత్త ముఖం వస్తుంది, నాలుగు వారాల్లో మాయమవుతుంది

వెంటనే తోచే మందు ఇంకా కొందరిని తీసుకోవడం. అది పనిచేయదు. న్యూయార్క్‌లో 1975 నుంచి నడుస్తున్న స్కిట్ల కామెడీ షో ‘సాటర్డే నైట్ లైవ్’ పద్ధతి చూస్తే అసూయ పుడుతుంది: మంగళవారం రాత్రంతా రచయితలూ నటులూ కలిసి రాస్తారు, బుధవారం బల్ల చుట్టూ కూర్చుని దాదాపు 40 స్కిట్లు చదువుతారు, శనివారం ప్రసారానికి ముందు ప్రేక్షకుల ఎదుటే రిహార్సల్ చేసి పండనివి తీసేస్తారు. అంత జల్లెడ ఉన్నచోట కూడా 1993-94లో నటి, రచయిత్రి సారా సిల్వర్‌మన్ రాసిన స్కిట్ ఒక్కటీ ప్రసారం కాలేదు, ఆ ఒక్క సీజన్‌తోనే ఆమెను పంపేశారు. 2021-22లో నటుల సంఖ్య 21కి చేరింది, తర్వాతి సీజన్ మొదలయ్యేసరికి వారిలో ఎనిమిది మంది లేరు.

పరిష్కారం: తక్కువమందిని తీసుకుని, వారానికి ఒక పూర్తి పాత్ర రాసిపెట్టండి. డైలాగులే ఉండాలని లేదు. 2003 నుంచి అదే షోలో ఉన్న కీనన్ థాంప్సన్ క్విజ్ యాంకర్‌గా నిలబడి, పోటీదారుల పిచ్చి జవాబులకు పెట్టే ముఖంతోనే స్కిట్లు నడిపిస్తాడు. మన సోఫా చివరి నటుడిని కెమెరా ఒకసారి దగ్గరగా చూపిస్తే చాలు, సగం సమస్య తీరుతుంది.

లక్షణం: బాగా చేసేవారంతా వెళ్లిపోతున్నారు

జబర్దస్త్‌కు ఒక మంచి నిచ్చెన ఉండేది. సుధీర్ వేణు టీమ్ నుంచి, ఆది అదిరే అభి టీమ్ నుంచి ఎదిగి లీడర్లయ్యారు. 2014లో ‘ఎక్స్‌ట్రా జబర్దస్త్’ రావడంతో మరిన్ని టీములకు చోటు దొరికింది. లీడర్ అయ్యాక మాత్రం ఎక్కడానికి మెట్టు లేదు. 2019లో నాగబాబు జడ్జి కుర్చీ వదిలి మరో ఛానెల్‌కు వెళ్లారు, టీమ్ లీడర్ చమ్మక్ చంద్ర కూడా అటే నడిచారు. ఒకప్పటి లీడర్ వేణు 2023లో సినిమా దర్శకుడిగా మెప్పించారు. ఆ కథ చెప్పే నేర్పును షో తన గడప లోపలే ఇంకెలా వాడుకోగలిగేదో ఆలోచించాల్సిన విషయం.

పరిష్కారం: నెలలో ఒక వారం లీడర్లు నటించకుండా, పక్క టీమ్ స్కిట్ రాసి దర్శకత్వం వహించాలి. ప్రోమోలో లీడర్ ముఖం లేకపోతే రేటింగ్ పడిపోతుందని ఛానెల్ బెంగపడుతుంది, అందులో నిజం లేకపోలేదు. అందుకే మొదటి ప్రయోగం సంక్రాంతి ఎపిసోడ్‌లో పెట్టండి. ఆ రోజు ఇంటిల్లిపాదీ అరిసెలు తింటూ టీవీ ముందే ఉంటారు, తెర మీద ఎవరున్నా చూస్తారు.