ఎండాకాలం పూల్‌లో చేరేవాళ్లకి, ముఖ్యంగా గట్టు మీద కూర్చునే అమ్మలకి

కత్తెర ఎండలు మొదలయ్యాయంటే మా తిరుపతిలో మధ్యాహ్నం పూట యాత్రికులు తప్ప రోడ్డు మీద ఊరి మనిషి కనపడడు. 42 డిగ్రీలు దాటిన రోజు మిద్దె మీద పడుకున్నా నిద్ర రాదు. పగలంతా కాగిన కొండరాళ్లు రాత్రి కూడా సెగ వదులుతూనే ఉంటాయి. బడులు మూసేశాక పిల్లల్ని ఇంట్లో పట్టి ఉంచలేం, వాళ్లకి నీళ్లు కావాలి. కపిలతీర్థంలో జలపాతం చూడాలంటే వానలు పడాలి. ఊరవతల క్వారీ గుంటలకీ చెరువులకీ పిల్లల్ని పంపే ధైర్యం నాకు లేదు. మిగిలింది పబ్లిక్ స్విమ్మింగ్ పూల్.

నేను స్కూల్లో సోషల్ చెబుతాను. మా చిన్నప్పుడు పాకాల దగ్గర మా అవ్వ వాళ్ల ఊళ్లో మగపిల్లలు నడుముకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నారు. ఆడపిల్లలం గట్టు మీద కూర్చుని వాళ్ల బట్టలకి కాపలా కాసేవాళ్లం. పెళ్లయి, అబ్బాయి పుట్టి, వాణ్ని పూల్‌లో చేర్పించాక కూడా రెండేళ్లు అదే పని చేశాను, తువ్వాలు పట్టుకుని సిమెంటు మెట్ల మీద కూర్చున్నాను. మూడో ఏడు, 39 ఏళ్ల వయసులో, నేనూ దిగాను. అప్పటి నుంచి ఏ ఎండాకాలమూ వదల్లేదు. ఈ ఐదేళ్లలో తెలిసింది చెబుతాను.

చేరాలనుకుంటే మార్చిలోనే వెళ్లి కనుక్కోండి. పరీక్షలు అయిపోగానే అందరూ ఒక్కసారే వస్తారు. ఆధార్ జిరాక్సు, రెండు పాస్‌పోర్టు ఫోటోలు, డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. అన్నిచోట్లా అన్నీ అడగరు, కానీ ఒక్క కాగితం కోసం ఎండలో రెండోసారి తిరగడం ఎందుకు. డబ్బు కట్టే ముందు లేడీస్ బ్యాచ్ ఎన్నింటికో, ఒక బ్యాచ్‌లో ఎంతమందో, వారంలో ఏ రోజు సెలవో అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, లైఫ్‌గార్డు కోచ్ కాకుండా వేరే మనిషేనా అని అడగండి. కోచ్ ఒకరి చేతులు పట్టుకుని నేర్పిస్తున్నప్పుడు మిగతా పాతిక మందిని చూసేది ఎవరు? ఈ ప్రశ్నకి సరైన జవాబు రాకపోతే నేను ఫీజు కట్టను.

పైకప్పు లేని పూల్ అయితే పొద్దున 6 గంటల బ్యాచ్ తీసుకోండి. ఎండ తగిలితే నీళ్లలో క్లోరిన్ తొందరగా తగ్గిపోతుంది, అందుకే క్లోరిన్ మందు కలిపి రాత్రంతా ఫిల్టర్లో తిరిగిన నీళ్లు పొద్దున్నే బాగుంటాయి. అది కుదరకపోతే సాయంత్రం 5 దాటాక వెళ్లండి. 10 నుంచి 3 లోపు మాత్రం పిల్లల్ని దించొద్దు. నీళ్లలో ఉన్నాం కదా అని ఎండ తగలకుండా పోదు, సాయంత్రానికి భుజాలు మండుతాయి.

నీళ్ల విషయంలో నేనొక తప్పు చేశాను. ఒక ఏడు ఒకచోట నీళ్లు పచ్చగా, మసకగా ఉన్నాయి. ఫీజు కట్టేశాం కదా అని అబ్బాయిని దించాను. మూడో రోజుకి చెవిపోటు, జ్వరం. పది రోజులు చెవిలో చుక్కలు వేయాల్సి వచ్చింది. వాడు రాత్రిళ్లు చెవి పట్టుకుని ఏడ్చింది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటి నుంచి నేను బ్యాగు కింద పెట్టకముందే లోతు వైపు గట్టు మీద నిలబడి అడుగు చూస్తాను. అడుగున డ్రెయిన్ జాలీ, టైల్స్ గీతలు స్పష్టంగా కనపడాలి. అవి కనపడలేదంటే మునిగిన మనిషి కూడా కనపడడు. ఆ రోజు వెనక్కి వచ్చేయండి, డబ్బు పోతే పోయింది.

ఘాటుగా క్లోరిన్ వాసన వస్తే మందు బాగా వేశారని చాలామంది సంతోషిస్తారు. అది నిజం కాదు. క్లోరిన్ మన చెమటతో, మూత్రంతో కలిసి క్లోరమైన్లు అనేవి తయారవుతాయి, ఆ ఘాటు వాటిది. కళ్లు మండేదీ, దగ్గు వచ్చేదీ ఎక్కువగా వాటివల్లే. మంచి పూల్‌లో అంత వాసన ఉండదు. ఫ్రీ క్లోరిన్, అంటే క్రిముల్ని చంపడానికి నీళ్లలో ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్, 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒకటి నుంచి మూడు పాళ్లు) ఉండాలి. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. "ఈ రోజు రీడింగ్ ఎంతన్నా?" అని అక్కడ పనిచేసే అన్నని అడగండి. రోజూ చూసేవాళ్లు వెంటనే చెబుతారు. మెదడు తినే అమీబా అని కేరళ వార్తలు చూసి భయపడి నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు. ఆ అమీబా గోరువెచ్చగా ఉండే, ఉప్పు లేని నీళ్లలో ఉంటుంది, ముక్కులోంచి ఎక్కితేనే ప్రమాదం, మింగితే రాదు. దాన్ని ఆపేది సరిగ్గా వేసిన క్లోరినే. కాబట్టి భయపడి మానేయకండి, రీడింగ్ అడగండి.

మిగతాది మన చేతిలో ఉంది. దిగే ముందు షవర్ కింద నిలబడి ఒళ్లు రుద్దుకుని స్నానం చేయాలి, రెండు చెంబులు పోసుకుని దిగితే సరిపోదు. తలకి కొబ్బరినూనె పెట్టుకుని రావొద్దు, ఆ జిడ్డంతా నీళ్ల మీద తేలుతుంది. దాని బదులు జుట్టుని మామూలు నీళ్లతో బాగా తడిపి క్యాప్ పెట్టుకోండి. ముందే తడిసిన జుట్టు పూల్ నీళ్లని అంతగా పీల్చదు. పిల్లల్ని బాత్‌రూమ్‌కి తీసుకెళ్లాకే దించండి. విరేచనాలు అవుతున్న పిల్లవాణ్ని అసలు తీసుకురావొద్దు. కొన్ని క్రిములు క్లోరిన్‌లో కూడా రోజుల తరబడి బతుకుతాయి. పుష్కరిణిలో మనం ఉమ్మం, సబ్బు వాడం. పూల్‌కీ ఆ మర్యాదే ఇవ్వాలి.

బట్టల దగ్గరే ఆడవాళ్లు ఆగిపోతారని నాకు తెలుసు. నేనూ అక్కడే ఆగిపోయాను. పొడుగు చేతులు, మడమల దాకా వచ్చే కాస్ట్యూమ్‌లు ఇప్పుడు స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతున్నాయి. నైలాన్‌దో పాలిస్టర్‌దో అయి, ఒంటికి పట్టినట్టు ఉండాలి. కాటన్ చుడీదార్‌తో దిగితే అది నీళ్లు తాగి బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది, దాని పీచు ఫిల్టర్లో ఇరుక్కుంటుంది. చున్నీ అయితే ప్రమాదమే. కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. గాగుల్స్ కొనేటప్పుడు రబ్బరు తగిలించుకోకుండా కళ్లకి నొక్కి చూడండి, రెండు క్షణాలు అంటుకుని ఉంటే అది మీ ముఖానికి సరిపోయినట్టు. మొదటి రోజు బట్టలు మార్చుకునే గదిలోంచి బయటికి రావడానికి నాకు పావుగంట పట్టింది. వచ్చాక చూస్తే ఎవరి పాట్లు వాళ్లవి, నా వైపు ఎవరూ చూడలేదు. లేడీస్ బ్యాచ్‌లో మా పక్కింటి అక్కకి 57 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. నేల మీద నడవలేని ఆవిడ నడుము లోతు నీళ్లలో అరగంట నడుస్తుంది.

ఇక ఈత. కోచ్ సార్ మొదటి రోజు చేతులూ కాళ్లూ ఏమీ చెప్పలేదు. నాలుగడుగుల లోతులో గట్టు పట్టుకోమన్నారు. "నోటితో గాలి తీసుకోండి మేడమ్, ముఖం ముంచి ముక్కుతో వదలండి, బుడగలు రావాలి" అన్నారు. ముంచాను. చెవుల్లో గుమ్మని శబ్దం. నీలం టైల్స్ మీద నా కాలి మెట్టెలు ఉన్నదానికంటే పెద్దగా కనపడ్డాయి. వాటిని చూస్తూ గాలి వదలడం మర్చిపోయాను, లేచేటప్పుడు పీల్చాను, ముక్కులోకి నీళ్లెక్కి కళ్లలోంచి ధారలు. నాలుగు రోజులు ఇదే పని. విసుగొచ్చినా మానకండి, ఈతలో సగం ఇదే. గాలి బిగబట్టి ఈదితే ఛాతీ బరువెక్కి పది అడుగులకే టెన్షన్ మొదలవుతుంది. నీళ్లలోనే వదిలేస్తే పైకి వచ్చినప్పుడు పీల్చుకోవడం ఒక్కటే మిగులుతుంది. తర్వాత తేలడం. ఊపిరి నిండా ఉంటే ఒళ్లు దానంతటదే తేలుతుంది, భయపడి తల ఎత్తామా, కాళ్లు కిందికి దిగిపోతాయి. ఆ తర్వాత కాళ్లు కొట్టడం, చివరికి చేతులు. పద్దెనిమిదో రోజు నేను 25 మీటర్లు ఆగకుండా దాటాను. అవతల గట్టు చేతికి తగలగానే మా అబ్బాయి పైనుంచి "అమ్మా!" అని అరిచాడు.

ఒక హెచ్చరిక. నీళ్లలో ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారని పిల్లలు పందెం వేసుకుంటారు. వేసుకోనివ్వకండి. ముందు గబగబా నాలుగైదు సార్లు గాలి పీల్చి మునిగితే, ఊపిరి ఆడట్లేదని ఒంటికి తెలిసేలోపే స్పృహ తప్పవచ్చు. బాగా ఈత వచ్చినవాళ్లకీ ఇది జరుగుతుంది.

మునిగిపోయేవాళ్లు అరుస్తారని, చేతులు ఊపుతారని నేనూ అనుకునేదాన్ని. ఒక సాయంత్రం తొమ్మిదేళ్ల పిల్లవాడు గట్టు పట్టుకుని జరుగుతూ జరుగుతూ లోతు వైపు పోయి చెయ్యి వదిలేశాడు. అరుపు లేదు. తల వెనక్కి వాలింది, నోరు నీటి మట్టానికి మునుగుతూ తేలుతూ ఉంది, చేతులు రెండు పక్కలా నీళ్లని కిందికి నొక్కుతున్నాయి, కనపడని నిచ్చెన ఎక్కుతున్నట్టు. నాలుగు గజాల దూరంలో పిల్లలు బంతి ఆడుకుంటున్నారు, ఒక్కరూ గమనించలేదు. లైఫ్‌గార్డు దూకి తీశాడు, బాబు దగ్గి ఊపిరి పీల్చుకున్నాడు. అంతా నిమిషం లోపే. వాళ్లమ్మ మెట్ల మీదే ఉంది, ఫోన్ చూసుకుంటూ. ఆవిడని నేను తప్పు పట్టను, ఏం చూడాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అందుకే చెబుతున్నాను: నీళ్లలో ఉన్న పిల్లవాడు చప్పుడు లేకుండా, ఉన్నచోటే నిలువుగా ఉంటే పేరు పెట్టి పిలవండి. పలకకపోతే క్షణం ఆగకండి. ఈత రానివాళ్లు దూకొద్దు, తాడో కర్రో ట్యూబో అందించండి. బయటికి తీశాక ఊపిరి లేకపోతే పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా వేలాడదీయడం చేయొద్దు. నోటితో ఊపిరి అందించి, ఛాతీ నొక్కుతూ, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి. ఇది ఒక పూట కూర్చుంటే నేర్చుకోవచ్చు. పూల్‌లో చేరే ప్రతి ఇంట్లో ఒకరైనా నేర్చుకోవాలి.

మే సాయంత్రాల్లో ఉన్నట్టుండి మబ్బు పట్టి గాలివాన వస్తుంది. ఉరుము వినపడగానే బయటికి వచ్చేయాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకూడదు.

నీళ్లలోనూ చెమట పడుతుంది, మనకి తెలియదంతే. నేను ఒక సీసా మంచినీళ్లు, ఒక సీసా ఉప్పేసిన పల్చటి మజ్జిగ తీసుకెళ్తాను. బయటికి రాగానే ఇంకోసారి సబ్బుతో స్నానం. తల ఒక పక్కకి వంచి చెవిలో నీళ్లు కారిపోనివ్వాలి, పుల్లలు, ఇయర్‌బడ్స్ పెట్టొద్దు. కాస్ట్యూమ్ మామూలు నీళ్లలో జాడించి నీడన ఆరేయాలి, ఎండలో వేస్తే రెండు నెలలకే సాగిపోతుంది. ఆకలి మాత్రం మామూలుగా ఉండదు. మా ఇంట్లో ఇప్పుడు పూల్ రోజుల్లో రాత్రే సంగటి కొంచెం ఎక్కువ చేసి ఉంచుతాను. పొద్దున్నే మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ కొరుక్కుంటూ, నేనూ మా అబ్బాయీ తడి తలలతోనే తినేస్తాం.