కియోస్క్ ఆగింది, తప్పు గడియారానిది

విజయనగరంలో మా బ్రాంచికి టోకెన్లిచ్చే కియోస్కులు రెండు వచ్చాయి. కంప్యూటర్‌ని దానంతటదే సిద్ధం చేసే విండోస్ ఆటోపైలట్‌లో, ఎవరూ లాగిన్ కానక్కర్లేని సెల్ఫ్ డిప్లాయింగ్ పద్ధతి పెట్టాను. లాన్ వైరు తగిలిస్తే మిగతాదంతా అదే చూసుకోవాలి.

మొదటిది టీపీఎం అనే భద్రతా చిప్‌ని తనిఖీ చేసే దగ్గరే ఆగిపోయింది. ఈ పద్ధతికి టీపీఎం 2.0 తప్పనిసరి. బయోస్‌లో (మెషిన్ మూల సెట్టింగుల్లో) చూస్తే చిప్ ఉంది, ఆన్‌లోనే ఉంది. వైరు మార్చాను, మళ్లీ రీసెట్ చేశాను. సాయంత్రానికి ఒకటే టెన్షన్. చివరికి షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, వచ్చిన నల్ల తెరలో తేదీ చూశాను. కొన్నేళ్లు వెనక్కి ఉంది! తేదీ తప్పితే చిప్ అసలుదని చూపే సర్టిఫికెట్లు చెల్లవు, తనిఖీ ఫెయిలవుతుంది. గడియారాన్ని నడిపే, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది. గంటస్తంభం దగ్గరే కొత్తది కొన్నాను (టైము తప్పిన మెషిన్‌కి అంతకన్నా మంచి చోటేముంది!). తేదీ సరిచేశాక గడబిడ లేకుండా సాగింది.

రెండోది పాతదే, వేరే బ్రాంచిలో వాడింది. ఆఫీసు కంప్యూటర్లను నిర్వహించే మైక్రోసాఫ్ట్ ఇంట్యూన్‌లో దాని పాత డివైస్ రికార్డు తీసేస్తే గానీ మళ్లీ చేరనివ్వదు. ఆటోపైలట్ రిజిస్ట్రేషన్ (మెషిన్ మా సంస్థదని చెప్పే నమోదు) మాత్రం ముట్టుకోలేదు. అయిదు నిమిషాల పని.